రేడియేటర్ మూత, కుక్కర్ వెయిట్

గుంటూరు నుంచి ఒక పాఠకుడు ఇలా అడిగారు: “మా కారు నీళ్లు తాగుతోందండీ. కింద చుక్క కూడా పడటం లేదు, అయినా వారానికి అర లీటరు పోయవలసి వస్తోంది. ఎండలో విజయవాడ దాకా వెళ్లి ఇంజిను ఆపగానే బానెట్ కింద ప్లాస్టిక్ డబ్బాలో గుడగుడమని చప్పుడు వస్తోంది. రేడియేటర్ మార్చాలని మెకానిక్ అంటున్నారు. మార్చమంటారా?”

ఇంజినులో కాగిన నీటిని చల్లార్చే రేడియేటర్ జోలికి పోయే ముందు దాని మూతను పరీక్షించమని నా సలహా. కొన్ని వందల రూపాయలకు దొరికే ఆ మూత చేసే పని తలచుకుంటే నాకు ఇప్పటికీ అబ్బురంగానే ఉంటుంది.

నీరు 100 డిగ్రీల సెల్సియస్ వద్ద మరుగుతుందని బడిలో పిల్లలచేత వల్లె వేయిస్తాం కానీ, సాధారణ వాతావరణ పీడనం ఉన్నప్పుడే అన్న షరతును దాటవేస్తాం. నా దృష్టిలో పాఠమంతా ఆ షరతులోనే ఉంది. నీరు ఆవిరై బుడగ కట్టాలంటే పైనుంచి నొక్కుతున్న పీడనాన్ని నెట్టుకొని విచ్చుకోవాలి గనుక, పీడనం పెరిగినకొద్దీ మరగడానికి మరింత వేడి కావాలి. ఫ్రాన్సులో పుట్టిన డెనిస్ పాపిన్ 1679లో ఎముకలను మెత్తబరిచే ఆవిరి పాత్రను తయారుచేసింది ఈ సూత్రంతోనే. మన కుక్కర్ మీది వెయిట్ లోపలి పీడనాన్ని బయటికంటే సుమారు ఒక బార్ (దాదాపు వాతావరణ పీడనమంత) ఎక్కువగా నిలబెడుతుంది. అందుచేత లోపలి నీరు 120 డిగ్రీల దగ్గరికి చేరి, కందిపప్పు నాలుగు విజిళ్లకే ఉడికిపోతుంది.

రేడియేటర్ మూతను అరచేతిలో తిప్పి చూడండి. అడుగున నల్లని రబ్బరు వాషరు, దాని వెనుక గట్టి స్ప్రింగు, నడుమ గోటితో లాగితే కదిలే చిన్న లోహపు బిళ్ల కనిపిస్తాయి. రబ్బరు వాషరు కుక్కర్ గాస్కెట్ అనుకుంటే, స్ప్రింగు వెయిట్ అవుతుంది. మూత మీద 0.9 అనో 1.1 అనో ఉండే అంకె, ఆ స్ప్రింగు ఎన్ని బార్ల పీడనం దాకా ఆపుతుందో చెబుతుంది. 0.9 మూత ఉంటే వట్టి నీరు సైతం 118 డిగ్రీల దాకా మరగదు. నీరు గడ్డకట్టకుండా, త్వరగా మరగకుండా కలిపే ద్రవమైన కూలంట్‌ను సగానికి సగం కలిపితే ఆ హద్దు 125 దాటుతుంది.

కుక్కర్‌లో వేడి పెరగాలని పీడనం పెంచుతాం, ఇంజినులో మాత్రం నీరు నీరుగానే ఉండాలని పెంచుతాం. బాగా కాలిన దోసె పెనం మీద చిలకరించిన నీటిబొట్టు వెంటనే ఇగిరిపోకుండా తన ఆవిరి పొర మీదే దొర్లుతూ ఉండటం అందరమూ చూసినదే. ఇంజిను పైభాగమైన హెడ్‌లోనూ నీరు మరిగి అటువంటి పొర కడితే, లోహంలోని వేడి నీటికి అందక అక్కడికక్కడే పేరుకుంటుంది. అప్పుడు సెన్సరు నీటిలో కాక ఆవిరిలో ఉండి, టెంపరేచర్ ముల్లు కిందికి దిగి మనల్ని నమ్మించడం కూడా జరుగుతుంది.

ఇక నడుమనున్న బిళ్ల సంగతి. చల్లారిన కుక్కర్ వెయిట్ ఎత్తగానే సుయ్యిమని గాలి లోపలికి పోతుంది, ఎందుకంటే ఆవిరి నీరై లోపల వెలితి ఏర్పడింది. ఇంజిను చల్లారినప్పుడూ అదే వెలితి ఏర్పడుతుంది. అప్పుడు ఆ బిళ్ల తెరుచుకొని, వేడిలో డబ్బాలోకి పొంగిన కూలంట్‌ను తిరిగి లోపలికి పీల్చుకోనిస్తుంది. బిళ్ల బిగుసుకుపోతే తెల్లవారేసరికి పై హోస్ పైపు చప్పిడిగా అతుక్కుపోయి కనిపిస్తుంది. కొత్త కార్లలో మూత డబ్బా మీదే ఉన్నా పీడనాన్ని నిలబెట్టే పని ఇదే.

పాఠకుడి కారులో స్ప్రింగు నీరసించి ఉంటుందని నా అనుమానం. ఇంజిను ఆగితే వాటర్ పంపు ఆగుతుంది, కానీ లోహంలోని వేడి నిలిచిపోయిన నీటిలోకి ఇంకా దిగుతూనే ఉంటుంది గనుక ఆపిన తరువాత కొన్ని నిమిషాలు నీటి వేడి పెరుగుతుంది. స్ప్రింగు ఆపలేకపోతే నీరు ముందుగానే మరిగి డబ్బాలోకి పొంగుతుంది, డబ్బా నిండి పొర్లినది వేడి ఇంజిను మీదే ఇగిరిపోతుంది. నేల మీద చుక్క కనబడకపోవడానికి కారణం ఇదే కావచ్చు. అయితే ఉదయం చల్లని ఇంజిను స్టార్టు చేసిన వెంటనే బుడగలు వస్తే, లేదా ఇంజినాయిలు పాలు కలిపిన టీ రంగుకు మారితే, అది మూత జబ్బు కాదు, ఇంజిను హెడ్ కింద బిగించే పొర అయిన హెడ్ గాస్కెట్ జబ్బు.

వేడిగా ఉన్నప్పుడు మూత తీయవద్దని ఎందుకు మొత్తుకుంటారో ఒక చిన్న లెక్క చెబుతుంది. 115 డిగ్రీల నీటి మీద పీడనం ఒక్కసారిగా పోతే అది 100కు దిగాలి. కిలోకు సుమారు 63 కిలోజౌళ్ల వేడి అదనమవుతుంది, ఒక కిలో నీరు ఆవిరి కావడానికి 2257 కావాలి, అంటే నూటికి దాదాపు మూడు వంతులు ఆవిరవుతుంది. లీటరు నీటిలో అది 28 గ్రాములే అయినా, ఆవిరిగా 45 లీటర్లకు పైగా వ్యాపించి, మిగిలిన సలసల కాగే నీటిని ముఖం మీదికి చిమ్ముతుంది. కనీసం అరగంట ఆగి, హోస్ పైపు చేతికి చల్లగా తగిలాకే మూత ముట్టుకోవాలి.

దుర్గమ్మ కొండ దగ్గర వాహన పూజ చేయించి, నిమ్మకాయ కట్టుకోవడాన్ని నేను ఆక్షేపించను. నాకు బాధ కలిగించేది వేరే మూఢనమ్మకం: మన ఊళ్లలో మంచు పడదు గనుక కూలంట్ అక్కరలేదు, బోరు నీళ్లు చాలునన్నది. కూలంట్ మరుగుస్థానాన్ని పెంచుతుంది, తుప్పును ఆపుతుంది. బోరు నీళ్లు గిన్నె అడుగున కట్టే తెల్లని చెక్కునే రేడియేటర్ సన్నని గొట్టాలలోనూ కడతాయి. పైగా జనవరిలో 30 డిగ్రీల గాలికీ 95 డిగ్రీల కూలంట్‌కూ నడుమ 65 డిగ్రీల తేడా ఉంటే, మే నెలలో 44 డిగ్రీల గాలికి అది 51కి పడిపోతుంది. వేడిని వదిలే శక్తిలో అయిదో వంతు అక్కడే పోయింది.

ఆటోనగర్‌లో చేతిపంపు, మీటరు ఉన్న చిన్న పరికరానికి మూతను బిగించి గాలి కొట్టి చూస్తారు, ముల్లు మూత మీది అంకె దాకా వెళ్లి నిలబడాలి. నిలబడకపోతే అదే అంకె ఉన్న కొత్త మూత వేయించండి. డబ్బా మీద కూలంట్ మట్టం దగ్గర పెన్నుతో గీత గీసి, వారం రోజులు ఉదయం ఇంజిను చల్లగా ఉన్నప్పుడు చూసుకోండి. మట్టం ఇంకా దిగుతుంటే రేడియేటర్‌కు గాలి పట్టించి లీకు పరీక్ష చేయించండి, మార్చే మాట ఆ తరువాత.