పెయింట్ కింద సబ్బు

జీఐ గేటుకు, అంటే జింకు పూత పూసిన ఇనుప గేటుకు, ఎనామిల్ పెయింట్ వేస్తే మొదట్లో మెరిసిపోతుంది. కొన్నాళ్లు గడిచాక గోటితో గీరితే చాలు, అరటి తొక్కలా ఊడి వస్తుంది. పెయింటర్‌ను తిట్టుకుంటాం, లేదంటే డబ్బాలో సరుకు నాసిరకం అనుకుంటాం. చాలాసార్లు తప్పు వాళ్లది కాదు. పెయింట్ కింద సబ్బు తయారైంది.

నిజంగా సబ్బే. మామూలు ఎనామిల్‌లో నూనెల నుంచి వచ్చిన కొవ్వు ఆమ్లాలుంటాయి. ఇనుము మీద పూతగా ఉన్న జింకుకు గాలీ తేమా తగిలితే క్షార గుణమున్న పదార్థాలు పుడతాయి. నూనెకు క్షారం తోడైతే సబ్బే కదా! ఆ జింకు సబ్బు సన్నని పొరగా ఏర్పడి, లోహం మీద పెయింట్‌కున్న పట్టును తెంచేస్తుంది. పైనుంచి చూస్తే రంగు మాత్రం చక్కగానే కనిపిస్తుంది.

కొత్త జీఐ రేకుతో ఇంకో చిక్కు. సుమారు 450 డిగ్రీల సెల్సియస్ వేడిలో కరిగిన జింకులో ముంచి తీసిన ఇనుము నున్నగా ఉంటుంది. తేమకు జింకు మీద తెల్లపొడిలా వచ్చే తెల్ల తుప్పు పట్టకుండా ఫ్యాక్టరీలోనే దానికి నూనో, క్రోమేట్ అనే రసాయన పూతో పూస్తారు. దాని మీద ఏ పెయింటూ గట్టిగా నిలవదు. అదే రేకు ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా ఎండావానల్లో ఉంటే, పైన జింక్ కార్బొనేట్ పొర గట్టిపడి, పెయింట్‌కు మంచి ఆధారమవుతుంది. అందుకే పాత రేకుకు వేసిన రంగు కొత్తదాని మీదకన్నా బాగా నిలుస్తుంది. పాతదైనా దుమ్ము, తెల్లపొడి కడగకుండా మాత్రం వేయకూడదు.

కొత్తదానికే వేయాల్సి వస్తే ముందు డిటర్జెంట్‌తో రుద్ది, మంచినీళ్లతో బాగా కడగాలి. కడిగాక నీళ్లు చల్లి చూడండి. పలచగా పరుచుకుంటే శుభ్రమైనట్టు, బొట్లుగా విడిపోతే నూనె ఇంకా ఉన్నట్టు. ఈ చిన్న పరీక్ష నాకెంతో ఇష్టం, పైసా ఖర్చుండదు. వెనిగర్‌తో తుడవమని చాలామంది చెబుతారు గానీ, సరిగ్గా కడగకపోతే మిగిలిన జింకు లవణాలు తేమను పీల్చి, పెయింట్ బుడగలు కడుతుంది.

తర్వాత సన్నని ఎమరీ పేపర్‌తో మెరుపు పోయేంత వరకే రుద్దాలి. పలుచని రేకుల మీద జింకు పూత తల వెంట్రుక మందం కూడా ఉండదు. గట్టిగా అరగదీస్తే తుప్పును ఆపే జింకే పోతుంది. పెద్ద పనుల్లో రాగి లవణం కలిపిన ఫాస్ఫారిక్ ఆమ్ల ద్రావణం పూస్తారు. అది తగిలిన చోట జింకు నల్లబడుతుంది, నల్లబడని చోట శుభ్రం చేసి మళ్లీ పూయాలి.

ఆరాక ఆలస్యం చేయకుండా, జీఐకి పనికొస్తుందని డబ్బా మీద రాసి ఉన్న ఎపాక్సీ లేదా యాక్రిలిక్ ప్రైమర్ వేయాలి. ఎనామిల్ కావాలంటే ఆ ప్రైమర్ పైనే. అప్పుడు నూనెకూ జింకుకూ మధ్య గోడ ఉంటుంది.