కొరికితేనే ఆపిల్

శస్త్రచికిత్స జరిగిన పన్నెండో వారంలో డాక్టరు గారు నా దవడను రెండు వైపులా వేళ్లతో తడిమి, ఎక్స్‌రే చూసి, "ఇక గట్టివి మొదలుపెట్టవచ్చు, చిన్న చిన్న ముక్కలుగా" అన్నారు. ఇంటికి రాగానే ఆపిల్ కోశాను. తొక్క తీయలేదు. రెండు మిల్లీమీటర్ల మందం కూడా లేని ముక్క, దాని అంచున సన్నటి ఎర్రని గీత. దవడ పళ్ల మధ్య పెట్టుకుని నెమ్మదిగా నోరు మూశాను. కరుక్కుమంది. ఆ చప్పుడు పుర్రె అంతా పాకింది. వెనకే చల్లని, పుల్లని రసం. ఒక పండు ముక్కకు నా కళ్లు చెమర్చడం అదే మొదటిసారి.

నిజానికి ఆ పన్నెండు వారాల్లో ఆపిల్ నాకు దూరమైంది లేదు. మొదటి రోజుల నుంచే వడకట్టిన ఆపిల్ రసం తాగాను. తర్వాత ఉడికించి మెత్తగా మెదిపిన గుజ్జు చెంచాతో తిన్నాను. పండు అదే, తీపి అదే, పులుపు అదే. అయినా ఆపిల్ తిని ఎన్నాళ్లయిందో అన్న బెంగ వదల్లేదు. నోటికి అందుతున్నదాని కోసమే మనసు ఎందుకంత బెంగపెట్టుకుంది? దీనికి జవాబు వెతుక్కుంటూ చదవడం మొదలుపెట్టాను. తినడమనే పనిలో నాలుకకు తెలిసే రుచి ఎంత చిన్న భాగమో అప్పుడు అర్థమైంది.

ముందు దవడ సంగతి. అమరిక సరిగా లేని దవడలను సరిచేసే ఈ శస్త్రచికిత్సలో కింది దవడ ఎముకను రెండు వైపులా పొరలుగా చీల్చి, పళ్లున్న భాగాన్ని కావలసినంత జరిపి, కొత్త చోట బిగిస్తారు. ఈ పద్ధతిని ట్రౌనర్, ఒబ్వెగేజర్ 1957లో వైద్యలోకానికి వివరించారు. పై దవడను కోసే గీతకు ఫ్రెంచి వైద్యుడు రెనే లె ఫోర్ పేరు స్థిరపడింది. ముఖానికి గట్టి దెబ్బ తగిలితే ఎముకలు ఏ గీతల వెంట విరుగుతాయో ఆయన మృతదేహాల మీద పరిశీలించి 1901లో ప్రచురించారు. ప్రమాదంలో ఎముక విరిగే దారినే తర్వాతివాళ్లు చికిత్సకు దారిగా మలుచుకున్నారన్నది తలచుకున్నప్పుడల్లా నాకు ఆశ్చర్యమే. ఒకప్పుడు పై పళ్లనూ కింది పళ్లనూ తీగలతో కట్టి ఇంచుమించు ఆరు వారాలు నోరు తెరవనిచ్చేవారు కాదు. ఇప్పుడు చిన్న టైటానియం పలకలు, మరలు ఎముకను పట్టి ఉంచుతాయి కాబట్టి చాలామందికి ఆ అవస్థ తప్పింది.

పలకలు పట్టి ఉంచుతాయే గానీ ఎముకను అతికించలేవు. ఆ పని శరీరానిదే. గడ్డకట్టిన రక్తంలోకి కణాలు చేరి మెత్తని కణజాలాన్ని అల్లుతాయి, అది క్రమంగా ఎముకగా గట్టిపడుతుంది. ఓ మాదిరి బలం రావడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు, పూర్తిగా సర్దుకోవడానికి నెలలు పడుతుంది. ముందు పళ్లతో కొరకడం అన్నిటికంటే ఆఖరున. ఎందుకంటే ఎముకను కోసిన చోటు దవడ వెనుక భాగంలో ఉంటుంది. ముందు పళ్ల మీద పడే ఒత్తిడి పొడవాటి గడ కొసకు వేలాడదీసిన బరువులా ఆ అతుకును వంచుతుంది. ఎవరు ఎప్పుడు ఏది తినవచ్చో చెప్పవలసింది వారి సర్జనే. నా వారాల లెక్క నాకు మాత్రమే వర్తిస్తుంది.

నా ప్రశ్నకు చాలా దగ్గరగా వచ్చిన ప్రయోగం ఒకటి 1977లో 'లాన్సెట్' వైద్య పత్రికలో వచ్చింది. హేబర్, హీటన్, వారి సహచరులు పదిమందికి ఆపిల్‌ను మూడు రూపాల్లో ఇచ్చారు: పండుగా, గుజ్జుగా, రసంగా. మూడింటిలోనూ కార్బోహైడ్రేట్ 60 గ్రాములే. రసం పండు కంటే పదకొండు రెట్లు, గుజ్జు కంటే నాలుగు రెట్లు వేగంగా కడుపులోకి వెళ్లిపోయింది. తేడా అంతా ఆ వేగంలోనే ఉందేమో చూద్దామని మూడింటికీ ఒకే సమయం పట్టేలా చేశారు. అప్పుడు కూడా పండే ఎక్కువ తృప్తినిచ్చింది, గుజ్జు అంతకు తక్కువ, రసం మరీ తక్కువ. "ఆకలి తీరింది గానీ తిన్నట్టు లేదు" అని ఇంట్లో రోజూ చెప్పుకునేదాన్ని. నా మాటను నేను అనకముందే ఎవరో కొలిచి పెట్టినట్టనిపించింది ఆ ఫలితం చదువుతుంటే.

కొరికిన ఆపిల్‌లో అంతగా ఏముంది? పండు కండలో దాదాపు నాలుగో వంతు గాలే. అది నీళ్లలో తేలేది అందుకే. ఆ గాలి సందుల మధ్య నీటితో బిగుతుగా ఉబ్బిన కణాలు కిక్కిరిసి ఉంటాయి. పన్ను దిగగానే వాటి గోడలు వరసగా పగిలి రసం చిమ్ముతుంది. అంతవరకూ కణంలో వేరువేరు అరల్లో ఉన్న ఎంజైములు, కొవ్వు పదార్థాలు అప్పుడే ఒకదాన్నొకటి తాకుతాయి. క్షణాల్లో హెక్సనాల్ లాంటి పచ్చి వాసన పదార్థాలు పుడతాయి. ఆ తాజా పరిమళంలో కొంత భాగం పండులో ముందే దాగి ఉన్నది కాదు, కొరికిన క్షణాన నోట్లో తయారయ్యేది. ఈ సంగతి తెలిశాక నాకు గుజ్జు మీద కోపం పోయింది. ఉడికించినప్పుడే ఆ ఎంజైములు వేడికి పనిచేయకుండా పోయాయి, పాపం అది మాత్రం ఏం చేస్తుంది! రసంలోనైతే ఈ వ్యవహారమంతా మిక్సీలోనే ముగిసిపోతుంది. గ్లాసు పెదవికి చేరేసరికి గాలి తగిలి రంగు కూడా మారుతుంది.

పుట్టిన వాసన ముక్కుకు చేరాలి కదా. నములుతున్నప్పుడూ మింగిన వెంటనే వదిలే ఊపిరితోనూ అది గొంతు వెనుక నుంచి ముక్కులోకి ఎక్కుతుంది. మనం రుచి అని పిలిచేదానిలో పెద్ద వాటా ఈ వెనుక దారిన వచ్చే వాసనదే. పై దవడను కదిలించినందువల్ల నా ముక్కు వారాల తరబడి బిగదీసుకుపోయింది. ఆ రోజుల్లో రసంలో తీపీ పులుపూ తప్ప ఇంకేమీ తెలియలేదు.

చప్పుడు సంగతి ఇంకా విచిత్రం. 2004లో ఆక్స్‌ఫర్డ్‌లో జాంపీని, స్పెన్స్ అనే పరిశోధకులు కొందరికి హెడ్‌ఫోన్లు పెట్టి ఆలుగడ్డ చిప్స్ కొరికించారు. కొరికిన శబ్దాన్ని మైకుతో పట్టి, మార్చి, వాళ్లకే వినిపించారు. శబ్దం పెంచినప్పుడు, ముఖ్యంగా అందులోని కీచు స్వరాలను పెంచినప్పుడు, అదే రకం చిప్స్ మరింత కరకరలాడుతూ తాజాగా ఉన్నాయన్నారు. గట్టి పదార్థం నమిలేటప్పుడు శబ్దం గాలిలోంచే కాక పళ్లు, దవడ ఎముక, పుర్రె మీదుగా కూడా లోపలి చెవికి చేరుతుంది. మూడు నెలలు నా భోజనం నిశ్శబ్దంగా సాగింది. నిశ్శబ్దం కూడా ఆకలి లాంటిదేనని నాకు అప్పుడు తెలియలేదు.

ఇక పళ్లు. పన్ను ఎముకలో మేకులా దిగగొట్టి ఉండదు. రెండింటి మధ్య సుమారు 0.2 మిల్లీమీటర్ల పలుచని నారపొర ఉంటుంది, అందులో ఒత్తిడిని పసిగట్టే నరాల కొసలు ఉంటాయి. వెంట్రుక కంటే సన్నని రేకు పళ్ల మధ్య పడినా ఇట్టే తెలిసేది వీటి వల్లే. ముక్క ఎంత గట్టిదో, ఎంత బలం పెట్టాలో దవడ కండరాలకు క్షణక్షణం కబురు అందించేదీ ఇవే. కింది పళ్ల కబుర్లు మోసుకెళ్లే నరం దవడ ఎముక లోపలి సొరంగంలోంచి వెళుతుంది. సరిగ్గా ఎముకను చీల్చిన దారి పక్కనుంచే. ఎంత జాగ్రత్తపడ్డా అది సాగుతుంది, నలుగుతుంది. కింది పెదవి, గడ్డం, పళ్లు మొద్దుబారుతాయి. దెబ్బతిన్న నరపు పోగు తిరిగి పెరగవలసి వస్తే, అన్నీ అనుకూలిస్తే రోజుకు ఓ మిల్లీమీటరు పెరుగుతుంది. మొదటి నెలలో నా కింది పళ్లు నావి కానట్టు, నోట్లో పెట్టిన చెక్క ముక్కల్లా ఉండేవి.

బెంగ సంగతి మిగిలింది. ఫిలడెల్ఫియాలోని మోనెల్ కెమికల్ సెన్సెస్ సెంటర్‌కు చెందిన మార్సియా పెల్చాట్ బృందం, పోషకాలకు లోటు లేని ఒకే రకం పానీయంతో కొందరిని ఉంచి, ఇష్టమైన తిండిని ఊహించుకోమంటూ మెదడును స్కాన్ చేసింది. ఫలితాలు 2004లో వచ్చాయి. కోరిక పుట్టినప్పుడు వాళ్ల మెదళ్లలో చురుకైన భాగాల్లో హిప్పోకాంపస్ ఒకటి. జ్ఞాపకాలతో ముడిపడిన చోటు అది. కడుపు నిండినా ఒకే తీరు తిండి ఆ తలుపును తెరిచి ఉంచుతుందన్నమాట. రాత్రిళ్లు నిద్రపట్టక నేను ఆపిల్‌ను ముక్క ముక్కగా గుర్తు తెచ్చుకునేదాన్ని: బరువు, చల్లదనం, పన్ను దిగే ముందు తొక్క చూపే ఆ చిన్న మొండితనం.

ఆ మొదటి రోజు నాలుగు ముక్కలకు ఇరవై నిమిషాలు పట్టింది. వాడక తగ్గిన దవడ కండరాలు చిక్కిపోతాయి. నాలుగో ముక్కకు చెంపలు లాగడం మొదలైంది, ఆపేశాను. నోటి రెండు మూలల నుంచీ రసం జారింది. ఎడమవైపు చల్లగా తగిలి వెంటనే తుడుచుకున్నాను. కుడివైపు మాత్రం ఏమీ తెలియలేదు. అద్దం ముందుకు వెళ్లాక, గడ్డం మీద మెరుస్తున్న చుక్క కనిపించింది.