2021లో తీసేసిన పట్టిక, ఇప్పుడు ఎంజైముల మాట

పటాన్‌చెరు నీళ్ళ గొడవ మళ్ళీ లేచింది. ఈసారి దాని వెంట ఎంజైముల మాట కూడా వచ్చింది. మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలంలో మిగిలిన యాంటీబయోటిక్‌లను బ్యాక్టీరియా ఎంజైములతోనే, అంటే రసాయనాలను విడగొట్టే వాటి ప్రొటీన్లతోనే, నిర్వీర్యం చేయొచ్చన్నది వాదన. అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం వదిలిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ (సిప్రో) అనే యాంటీబయోటిక్ ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు బయటపెట్టిన సంగతి అందరికీ తెలిసిందే. కథ మలుపు తిరిగింది మాత్రం అక్కడ కాదు.

2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ ఒక ముసాయిదా తెచ్చింది. ఫ్యాక్టరీ వదిలే నీటిలో ఏ యాంటీబయోటిక్ ఎంతకు మించకూడదో అందులో పేరుపేరునా రాశారు. పరిమితులు మరీ కఠినమని పరిశ్రమ అభ్యంతరం చెప్పింది. 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ పట్టిక లేదు. నీటిలోని మలినాన్ని కుళ్ళబెట్టడానికో, రసాయనికంగా విడగొట్టడానికో ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పే బీఓడీ, సీఓడీ లాంటి పాత కొలతలు మిగిలాయి. సీఓడీ చూసి నీటిలో సేంద్రియ మలినం ఎంతో చెప్పొచ్చు. అందులో సిప్రో ఎంతో చెప్పలేం. వాగు పక్క పొలాలవాళ్ళు అడిగేది ఆ రెండోదే.

ఎంజైములు పనిచేయవని కాదు. పెన్సిలిన్‌ను పాడుచేసే ఎంజైము ఇ.కోలి అనే బ్యాక్టీరియాలో ఉందని శాస్త్రవేత్తలు అబ్రహాం, చెయిన్ 1940లోనే చెప్పారు, ఆ మందు ఇంకా జనానికి అందకముందే. బీటా-లాక్టమేజ్‌లు అనే ఈ కుటుంబం పెన్సిలిన్, సెఫలోస్పోరిన్ రకం యాంటీబయోటిక్‌లలోని నాలుగు పరమాణువుల వలయాన్ని తెంచుతుంది. పేగులో మిగిలే సెఫ్ట్రియాక్సోన్‌ను (ఇదీ ఒక సెఫలోస్పోరినే) విరగ్గొట్టడానికి ఇలాంటి ఎంజైమునే రోగుల మీద పరీక్షించారు కూడా. అయితే సిప్రోలో ఆ వలయమే లేదు, ఈ కత్తెరకు అది తెగదు. పటాన్‌చెరులో అంత మోతాదులో దొరికింది సిప్రో అయినప్పుడు, ఉత్తినే ‘ఎంజైములు’ అంటే సరిపోదు. ఏ మందుకు ఏ ఎంజైమో చెప్పాలి. పైగా శుద్ధిచేసిన ఎంజైము బదులు బతికున్న బ్యాక్టీరియాను వదిలితే, మందుకు లొంగకుండా చేసే దాని నిరోధక జన్యువు పక్క బ్యాక్టీరియాకు చేరే ప్రమాదం ఉంది.

వ్యర్థజలాన్నంతా లోపలే శుద్ధిచేసి తిరిగి వాడుకునే జీరో లిక్విడ్ డిశ్చార్జ్ ఉందిగా, చుక్క బయటికి రాదంటుంది పరిశ్రమ. అదే నిజమైతే పరిమితి పెడితే వచ్చే నష్టమేంటో మరి. ఎంజైము పనిచేసిందని తేల్చాలన్నా ముందు, తర్వాత మందు ఎంతుందో కొలవాలి, ఎంతకు దిగితే చాలో రాసి ఉండాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 సెప్టెంబరులో అలాంటి లక్ష్యాలతో మార్గదర్శకాలు ఇచ్చింది. వాటికి ఇక్కడ చట్టబలం లేదు.