ఆ ఎర్ర కారు అసలుదేనా?

చిరంజీవులు పిల్లలిద్దరికీ తాతయ్య దీవెనలు.

ఇక్కడ మేమంతా కులాసా. మీరు పంపిన ఎర్ర కారు వీడియో చూశాను. "తాతయ్యా, ఇది ఒరిజినల్ ఫెరారీయా, డూప్లికేటా?" అని అడిగారు. ఫోన్‌లో చెబితే రెండు ముక్కల్లో తేల్చేస్తాను, మీరూ మర్చిపోతారు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

ఆ మోడల్ పేరు ఫెరారీ 250 జీటీఓ. 1962 నుంచి 1964 దాకా ఇటలీలో తయారైంది. మూడు లీటర్ల ఇంజన్‌తో చేసినవి మొత్తం 36 కార్లే. పన్నెండు సిలిండర్లు, దాదాపు 300 హార్స్‌పవర్. 2018లో కాలిఫోర్నియాలో జరిగిన వేలంలో ఒక జీటీఓ 4.84 కోట్ల డాలర్లకు పోయింది. మన రూపాయల్లో 300 కోట్ల పైమాటే. అలాంటి బండిని పెట్రోల్ బంకు ముందు తాళం వేయకుండా వదిలేసి టీ తాగడానికి ఎవరైనా వెళ్తారా? మీ వీడియోలో ఆ కారు నడిపినాయన వెళ్లాడు. నాకు అక్కడే అనుమానం వచ్చింది.

నకళ్లు అన్నీ ఒక రకం కాదు. చవక రకం చాలావరకు డాట్సన్ 240జెడ్ అనే పాత జపాన్ కారు మీద చేస్తారు. దానికీ జీటీఓలాగే పొడుగాటి ముక్కు, వెనక్కి జరిగిన క్యాబిన్ ఉంటాయి కాబట్టి పైన ఫైబర్ బాడీ తొడిగితే దూరం నుంచి బాగానే మోసపోతాం. దగ్గరికి వెళ్లి వేలితో తడితే అల్యూమినియం మోగినట్టు మోగదు, మొద్దు చప్పుడు వస్తుంది. బానెట్ ఎత్తితే పన్నెండు సిలిండర్లకు బదులు ఆరు. లోపల డ్యాష్‌బోర్డు చూడండి. ఫ్యాక్టరీలో చేసిన జీటీఓకి స్పీడోమీటరే పెట్టలేదు. రేసులో నడిపేవాడికి ఇంజన్ ఎన్ని చుట్లు తిరుగుతోందో తెలియాలి గానీ, గంటకు ఎన్ని కిలోమీటర్లో ఎందుకు? అందుకని పెద్ద ఆర్‌పీఎం మీటర్ ఒక్కటే కళ్లకు ఎదురుగా ఉంటుంది. సీట్లకు తోలు కూడా లేదు, నీలం రంగు గుడ్డ. ఇంత ఖరీదైన బండిలో గుడ్డ సీట్లేమిటని మీ నానమ్మ నవ్వింది.

రెండో రకం నకలు వేరు. అందులో అన్నీ అసలు పద్ధతిలోనే చేస్తారు, ఏళ్లు పడుతుంది. జీటీఓ బాడీలు మోడెనా ఊళ్లో స్కాలియెట్టి వర్క్‌షాపులో తయారయ్యేవి. మన కంచరివాళ్లు ఇత్తడి బిందెను సుత్తితో కొట్టి కొట్టి కడుపు తెప్పించినట్టు, అక్కడి పనివాళ్లు అల్యూమినియం రేకును చేత్తో కొట్టి ఆ వంపులు తెచ్చేవాళ్లు. కొలత కంటే కంటి అంచనాకే పెద్దపీట. దానివల్ల ఒక చిత్రం జరిగింది. ఒకే కారులో ఎడమ వైపు మడ్‌గార్డు, కుడి వైపుది అచ్చు ఒకేలా ఉండవు. ఏ రెండు జీటీఓలూ పూర్తిగా ఒకటి కావు. ఇప్పుడు కంప్యూటర్‌తో కొలిచి చేసిన నకలులో రెండు వైపులూ మిల్లీమీటరు తేడా లేకుండా కుదిరితే, తెలిసినవాళ్లు "మరీ బాగుంది" అని అనుమానిస్తారు.

ఇంకో చిక్కు ఉంది. అసలుది అంటే ఏది? ఇవి షోరూములో పెట్టుకోవడానికి చేసిన బళ్లు కావు. గుద్దుకున్నాయి, కాలిపోయాయి, ఇంజన్లు మార్చారు, బాడీలు కొత్తవి వేశారు. అరవై ఏళ్ల తర్వాత కొన్నింటిలో మొదటి రోజు నాటి భాగాలు ఎన్ని మిగిలాయో లెక్క తీస్తే ఆశ్చర్యపోతారు. అందుకే కొనేవాళ్లు ముందు చూసేది ఛాసిస్ నంబరు, ఆ నంబరు ఏ రేసులో ఎవరి చేతిలో నడిచిందన్న రికార్డు. ఫెరారీ కంపెనీ 2006 నుంచి దీనికోసమే ఒక విభాగం నడుపుతోంది. కారు వాళ్ల దగ్గరికి వెళ్తే పాత ఫ్యాక్టరీ రికార్డులతో సరిచూసి సర్టిఫికెట్ ఇస్తారు. నా మట్టుకు, నకలు చేయడంలో తప్పేం లేదు. నకలు మీద అసలు నంబరు కొట్టి అమ్మడం మాత్రం దొంగతనమే.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన కథ. 1961లో ఫెరారీ 156 అని ఒక ఫార్ములా వన్ కారు వచ్చింది. ముక్కు దగ్గర రెండు రంధ్రాలు, చూస్తే సొరచేపే. దానికి షార్క్‌నోస్ అనే పేరు స్థిరపడింది. ఒకటిన్నర లీటర్ల చిన్న ఇంజన్ అయినా ఆ ఏడు దాన్ని పట్టుకున్నవాడు లేడు. బగెట్టి అనే కుర్రాడు తన మొట్టమొదటి ఛాంపియన్‌షిప్ రేసు ఫ్రాన్స్‌లో దీంతోనే గెలిచాడు. ఆ సెప్టెంబరులో ఇటలీలోని మోంజా రేసులో మాత్రం ఘోరం జరిగింది. ఛాంపియన్‌షిప్‌లో ముందున్న వాన్ ట్రిప్స్ కారు ఇంకో కారుకు తగిలి గట్టు మీదికి ఎగిరింది. ఆయనతో పాటు చూడటానికి వచ్చిన 15 మంది చనిపోయారు. ఆ రేసు గెలిచిన ఫిల్ హిల్ ఒక్క పాయింటు తేడాతో ఛాంపియన్ అయ్యాడు, ఆ పట్టం కట్టుకున్న మొదటి అమెరికన్.

మరి ఇంత చరిత్ర ఉన్న ఆ కార్లు ఇప్పుడు ఏ మ్యూజియంలో ఉన్నాయంటారా? ఒక్కటీ లేదు. కంపెనీ పెట్టిన ఎన్జో ఫెరారీకి పాత రేసు కార్ల మీద మమకారం లేదు. పని అయిపోయిందంటే తుక్కే. షార్క్‌నోస్‌లన్నీ అలాగే పోయాయి. ఈ రోజు ఎక్కడైనా షార్క్‌నోస్ పరుగెత్తుతుంటే అది తర్వాతి కాలంలో ఫొటోలు, డ్రాయింగులు, దొరికిన పాత భాగాలు ముందు పెట్టుకుని ఎవరో మళ్లీ కట్టింది. దాన్ని డూప్లికేట్ అని తీసిపారేయడానికి నాకు మనసొప్పదు. ఆ ఇంజన్ మోత వినాలంటే వేరే దారి లేదు కదా!

లాంచియా అనే ఇంకో ఇటలీ కంపెనీ చేసిన డీ50 రేసు కారుది కూడా ఇంచుమించు ఇదే కథ. దాన్ని గీసినాయన విత్తోరియో యానో. ఇంజన్‌నే కారు ఎముకల గూడులో భాగం చేసి, పెట్రోల్ ట్యాంకులను రెండు వైపులా చక్రాల మధ్య వేలాడదీశాడు. 1955లో లాంచియా డబ్బు ఇబ్బందుల్లో పడి మొత్తం జట్టును ఫెరారీకి అప్పగించింది. మరుసటి ఏడు ఫాంజియో అనే రేసు డ్రైవరు ఆ కార్లతోనే ఛాంపియన్ అయ్యాడు. అసలువి రెండే మిగిలాయి. పాత కార్ల రేసుల్లో కనిపించేవి మళ్లీ చేసినవి.

ఫాంజియో సొంత దేశం అర్జెంటీనాలో, పరానా అనే ఊళ్లో, పుర్ సాంగ్ అని ఒక వర్క్‌షాపు ఉంది. యానో అంతకు ముందెప్పుడో, 1931లో, గీసిన ఆల్ఫా రోమియో 8సీ అనే పాత ఇటలీ కార్లను వాళ్లు ఇప్పటికీ చేత్తో చేస్తారు. మా చేతి పని అని గర్వంగా చెప్పుకుని అమ్ముతారు. అదీ పద్ధతి.

ఒక తమాషా కూడా చెప్తాను. 1980లలో అమెరికాలో బాగా నడిచిన ఒక పోలీసు టీవీ సీరియల్లో హీరో నల్ల ఫెరారీలో తిరిగేవాడు. నిజానికి అది షెవ్రొలే కార్వెట్ అనే అమెరికన్ కారు మీద ఫెరారీ రూపం తొడిగిన బండి. ఫెరారీ కంపెనీకి ఒళ్లు మండింది. చివరికి టెస్టరోసా అనే తమ కొత్త మోడల్ కార్లు వాళ్లే ఇచ్చారు. సీరియల్లో ఆ నకలును మిసైల్‌తో పేల్చేశారు!

చట్టం ఏమంటుందని పెద్దవాడు అడుగుతాడు, నాకు తెలుసు. 2019లో ఇటలీలో బొలోన్యా కోర్టు జీటీఓ ఆకారం కళాఖండమని, దాన్ని కాపీ కొట్టకూడదని తీర్పిచ్చింది. మరుసటి ఏడాదే యూరప్ ట్రేడ్‌మార్క్ ఆఫీసు, ఆ ఆకారంతో మీరు కార్లు చేయడం ఎప్పుడో మానేశారు కదా అని, కార్ల వరకు ఫెరారీ ట్రేడ్‌మార్క్‌ను రద్దు చేసింది. ఒకరు కాదంటే ఇంకొకరు అవునన్నట్టు ఉంది గానీ, కాపీరైట్ (కళాఖండం మీద హక్కు) వేరు, ట్రేడ్‌మార్క్ (వ్యాపార గుర్తు మీద హక్కు) వేరు. బొమ్మ కార్ల మీద మాత్రం ఆ ట్రేడ్‌మార్క్ అలాగే ఉంచారు.

పరీక్షలు అయ్యాక రండి. మామిడికాయలు అప్పటికి పండుతాయి.

ఇట్లు,
మీ తాతయ్య