సేవకు తీరిక ఎవరికి ఉంటుంది: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో ఒక చిన్న స్వచ్ఛంద సంస్థకు వాలంటీర్లను సమకూర్చడం నా పని. (2019లో ఏపీలో 5 వేల గౌరవ వేతనంతో పెట్టిన వాలంటీర్లు వేరు. ఇప్పటికీ ఆ మాట ఎత్తగానే "నెలకెంతిస్తారు?" అని అడిగేవాళ్లున్నారు.)

అపోహ: పూట గడవనివాళ్లకు సేవ మీద ఆసక్తి ఎక్కడిది?

లెక్కలు చూస్తే నిజమేనేమో అనిపిస్తుంది. అమెరికాలో 2015 ప్రభుత్వ సర్వే ప్రకారం, 25 ఏళ్లు నిండినవారిలో డిగ్రీ, ఆపైన చదివినవాళ్లు 38.8 శాతం మంది వాలంటీర్లుగా పనిచేశారు. హైస్కూల్ పూర్తి చేయనివాళ్లలో 8.1 శాతమే. కానీ ఆ సర్వే లెక్కపెట్టింది ఏదో ఒక సంస్థ ద్వారా చేసిన పనినే. పక్కింటి పిల్లను పురిటికి తీసుకెళ్లి, రాత్రంతా ఆస్పత్రి వరండాలో కూర్చున్న మనిషి అందులోకి రాదు. మా బస్తీల్లో చావు జరిగిన ఇంటికి అన్నం వండి పంపేవాళ్లను "మీరు వాలంటీరా?" అని అడిగితే నవ్వుతారు.

అపోహ: డబ్బున్నవాళ్లకు జాలి ఉండదు.

2010లో కాలిఫోర్నియా పరిశోధకుల ప్రయోగాల్లో కింది తరగతివాళ్లే ఎక్కువ ఉదారంగా కనిపించారు. ఆ మాట బాగా పాకింది. 2015లో జర్మన్ పరిశోధకులు వేలమంది సర్వేలు తిరగేస్తే పై తరగతివాళ్లే ముందున్నారు. కాబట్టి ఎవరినీ తిట్టకండి.

అపోహ: ఉచిత సేవకు ఖర్చేముంది?

ఇక్కడ పప్పులో కాలేసింది నేనే. వైద్య శిబిరం ఆదివారం పొద్దున 9 గంటలకు పెట్టి, పేర్లివ్వడానికి ఇంగ్లీషులో ఆన్‌లైన్ ఫారం పంపాను. సాఫ్ట్‌వేర్ పిల్లలు బోలెడుమంది వచ్చారు. ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లు ఒక్కరూ రాలేదు. ఆసక్తి లేదనుకున్నా. తర్వాత ఒకామె చెప్పింది: "ఐతారమే గద మేడం సుట్టాలొచ్చేది, బోళ్లు రెట్టింపుంటయి. ఒక్కపూట మానేస్తే జీతంల కోస్తరు."

ఫారం తీసేసి, శిబిరాన్ని సాయంత్రానికి మార్చి, ఆటో చార్జీలిచ్చి, ఇళ్లకు వెళ్లి అడిగాం. పదకొండుమంది వచ్చారు. ఏ గల్లీలో షుగర్ మందులు మానేసిన ముసలాయన ఉన్నాడో వాళ్లకు తెలుసు, మా రిజిస్టర్‌కు తెలియదు.

అయినా చీటీలు రాసే బల్ల దగ్గర కూర్చునేది ఇంకా డిగ్రీవాళ్లే. కుర్చీలు సర్దడం, ఊడవడం ఈ పదకొండుమంది మీదే పడుతోంది. ఆ పని పంచింది కూడా నేనే.