చెకుముకి తుపాకి చెవిలో లైనర్: వివాదం వెనుక ఉన్న చరిత్ర

మూతి నుంచి మందు దట్టించి పేల్చే చెకుముకి తుపాకులను పాత పద్ధతిలో తయారుచేసుకునేవారు అమెరికాలోనూ ఐరోపాలోనూ నేటికీ చాలామంది ఉన్నారు. వాళ్ల మధ్య ఏళ్ల తరబడి తెగని ప్రశ్న ఒకటుంది. గొట్టం పక్కన, రంజకపు మందు, అంటే ముందుగా అంటించే కొద్దిపాటి మందు, పోసే చిన్న పళ్లేనికి ఎదురుగా ఉండే చెవిని, అంటే మంట లోపలికి వెళ్లే సన్నని రంధ్రాన్ని, నేరుగా ఇనుములోకే తొలిచి వదిలెయ్యాలా, లేక ఆ చోట మరలున్న లోహపు తొడుగును, అంటే లైనర్‌ను బిగించి దాని మధ్య నుంచి రంధ్రం పెట్టాలా? లైనర్ ఈ కాలపు సౌకర్యమనీ, పాత తుపాకి నమూనాకు అది అతకదనీ ఒక పక్షం వాదిస్తుంది. లైనర్ లేని తుపాకి నమ్మకంగా పేలదని రెండో పక్షం అంటుంది. చరిత్రను కాస్త వెనక్కి వెళ్లి చూస్తే ఈ రెండు మాటలూ సగమే నిజమని తేలుతుంది. ఎందుకంటే లైనర్ ఒక్క అవసరం కోసం పుట్టలేదు. చెవి కాలి అరిగిపోవడం ఒక సమస్య, లోపలి మందు ఆలస్యంగా అంటుకోవడం వేరొక సమస్య. ఈ రెండింటికీ వేర్వేరు కాలాల్లో, వేర్వేరు చోట్ల వెతికిన పరిష్కారాలు నేడు ఒకే చిన్న మరలో కలిసిపోయాయి.

చెకుముకి తుపాకి పరిణత రూపం 17వ శతాబ్దం తొలి దశకాల్లో ఫ్రాన్సులో కనిపిస్తుంది. నార్మండీలోని లిజియే పట్టణానికి చెందిన మారిన్ ల బూర్జువా అనే పనివాడి పేరు దానితో ముడిపడి ఉంది. ‘గుర్రం’ అనే సుత్తిలాంటి మీట కొరికిపట్టిన చెకుముకి రాయి ఉక్కు పలకను గీసుకుంటూ దిగినప్పుడు రాలే నిప్పురవ్వలు పళ్లెంలోని రంజకాన్ని అంటిస్తాయి. ఆ మంట చెవి గుండా లోపలికి వెళ్లి గొట్టంలోని అసలు మందును రగిలిస్తుంది. ఒకటిన్నర నుంచి రెండు మిల్లీమీటర్ల వెడల్పుండే ఆ రంధ్రం మీదే తుపాకి మొత్తం ఆధారపడి ఉంటుంది.

తుపాకి మందులో సుమారు 75 పాళ్లు సురేకారం, 15 పాళ్లు బొగ్గు, 10 పాళ్లు గంధకం ఉంటాయి. అది కాలినప్పుడు వెలువడేదంతా వాయువు కాదు. బరువులో సగానికి మించిన భాగం పొటాషియం లవణాలుగా, ఘనపదార్థంగానే మిగులుతుంది. పేలిన ప్రతిసారీ అత్యధిక వేడితో ఉన్న వాయువు, దానిలో కలిసిన ఈ లవణాలు, గంధకపు సమ్మేళనాలు ఆ సన్నని దారి గుండా మహావేగంతో బయటికి చిమ్ముతాయి. పేలుళ్ల మధ్య విరామంలో మిగిలిపోయిన మసి గాలిలోని తేమను పీల్చుకుని ఇనుమును తుప్పు పట్టిస్తుంది. అలా కొంత కాలిపోయి, కొంత కొట్టుకుపోయి, కొంత తుప్పు తినేసి చెవి క్రమంగా పెద్దదవుతుంది. పెద్దదైన చెవి నుంచి పీడనం వృథాగా పోవడమే కాక, మంట పక్కకు ఎక్కువగా చిమ్మి, వరుసలో కుడివైపు నిలబడ్డవాడి మొహానికి ముప్పు తెస్తుంది.

ఈ సమస్యను ముందుగా పెద్ద ఎత్తున ఎదుర్కొన్నవి ఫిరంగి దళాలు. కంచు ఫిరంగి వరుసగా పేలుతూ వేడెక్కితే చెవి చుట్టూ ఉన్న కంచులోని తగరం ముందుగా కరిగి, లోహం గుల్లబారుతుంది. అందుకే ఆ చోట కంచును తొలగించి స్వచ్ఛమైన రాగి దిమ్మెను మరలతో బిగించి, దానిలో చెవిని తొలిచే పద్ధతి వచ్చింది. అరిగిన రాగిని విప్పి కొత్తది వేస్తే ఫిరంగి మళ్లీ పనికొస్తుంది. నేటి లైనర్‌ను సమర్థించేవారు చెప్పే మొదటి కారణం, అరిగితే మార్చుకోవచ్చుననేది, ఫిరంగి పనివాళ్లకు ఎప్పటి నుంచో తెలిసినదే. సైనికుల చేతి తుపాకులకు మాత్రం ఈ హంగు దక్కలేదు. బ్రిటిష్ సైన్యపు ‘బ్రౌన్ బెస్’ వంటి తుపాకుల్లో చెవిని నేరుగా గొట్టంలోకే తొలిచేవారు. బాగా అరిగిపోతే మరమ్మతుగా ఇనుప దిమ్మెతో మూసి తిరిగి తొలిచేవారు.

ఖరీదైన వేట తుపాకులు, పిస్తోళ్ల దారి వేరు. 18వ శతాబ్దపు ద్వితీయార్ధంలో లండన్, పారిస్ నగరాల మేటి పనివాళ్లు చెవికి బంగారపు తొడుగు వేయసాగారు. కొన్నిటిలో రంజకపు పళ్లేనికి కూడా బంగారు రేకు తాపడం చేసేవారు. చూసేవారికి అది సంపన్నుల ఆడంబరంగా తోచవచ్చు గాని, అసలు కారణం రసాయనపరమైనది. బంగారం తుప్పు పట్టదు, మసిని తుడిస్తే పోతుంది. దానికున్న లోపం మెత్తదనం, తక్కువ ద్రవీభవన స్థానం: ఇనుము 1,538 డిగ్రీల సెల్సియస్ వద్ద కరిగితే బంగారం 1,064 డిగ్రీలకే కరుగుతుంది. ఎక్కువగా పేల్చే తుపాకిలో బంగారమూ నిలవదు.

1,768 డిగ్రీల వరకు కరగని ప్లాటినం ఇక్కడే రంగంలోకి వచ్చింది. ఈ వివాదంలో పాల్గొనేవారు అంతగా పట్టించుకోని ఈ ఘట్టం నాకు చాలా విలువైనదిగా కనిపిస్తుంది. ప్లాటినాన్ని కరిగించి పోతపోయగల కొలిమి ఆ రోజుల్లో లేదు. నేటి కొలంబియా ప్రాంతం నుంచి వచ్చిన ముడి ప్లాటినాన్ని లండన్‌లో విలియం హైడ్ వొలాస్టన్, స్మిత్‌సన్ టెనంట్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1800లో భాగస్వాములై వేల ఔన్సుల్లో కొన్నారు. దాన్ని ద్రవరాజం అనే ఘాటైన ఆమ్లాల మిశ్రమంలో కరిగించి, నవాసారంతో (అమ్మోనియం క్లోరైడ్) అవక్షేపంగా దించి, వేడి చేసి స్పంజిలాంటి పొడిగా మార్చి, ఆ పొడిని గట్టిగా అదిమి, కాల్చి, సుత్తితో సాగదీసే పద్ధతిని వొలాస్టన్ సాధించాడు. ఈ క్రమంలోనే అతడు పలేడియం, రోడియం అనే కొత్త మూలకాలను కనుగొన్నాడు. టెనంట్ ఇరీడియం, ఆస్మియంలను కనుగొన్నాడు. అయితే అంత శ్రమతో తయారైన ప్లాటినాన్ని కొనేవారు కావాలి కదా! తొలినాళ్లలో దాన్ని క్రమం తప్పకుండా కొన్నవారిలో లండన్ తుపాకి పనివాళ్లు ముఖ్యులు. వాళ్లు కొన్నది చెవి తొడుగుల కోసమే. ప్లాటినం అప్పట్లో బంగారం కంటే చౌక కావడం కూడా వాళ్లకు కలిసొచ్చింది. ఆధునిక లోహశాస్త్రంలో పొడి నుంచి లోహాన్ని రూపొందించే విద్యకు ఒక తొలి గిరాకీ ఆవగింజంత తుపాకి రంధ్రం నుంచి వచ్చిందన్నమాట. వొలాస్టన్ తన పద్ధతిని చాలాకాలం రహస్యంగా ఉంచి, 1828లో, మరణించిన ఏడాదిలోనే బయటపెట్టాడు.

రెండో సమస్య వేగం. చెవి గోడ మందంగా ఉండి రంధ్రం పొడవైతే, దానిలో నిండిన మందు వత్తిలా గింజ తరువాత గింజగా కాలుతూ లోపలికి వెళ్తుంది. రాయి దిగిన చప్పుడుకూ తుపాకి పేలుడుకూ మధ్య ఎడం తెలుస్తుంది. ఆ ఎడంలో ఎగిరే పక్షి గురి తప్పిపోతుంది. రంధ్రాన్ని లోపలివైపు గరాటులా వెడల్పు చేస్తే అసలు మందు పళ్లేనికి దగ్గరగా వస్తుంది, మంట దాటవలసిన దూరం తగ్గుతుంది. లోపల వెడల్పుగా, బయట సన్నగా ఉండే ఈ ఆకారాన్ని ప్రష్యా సైన్యం 1780లలో పూర్తిగా వేరే ఉద్దేశంతో వాడుకుంది. మందు దట్టించగానే కొంత దానంతటదే చెవి గుండా పళ్లెంలోకి జారితే, సైనికుడు రంజకాన్ని విడిగా పోసే పని తప్పుతుంది, తుపాకి నింపడం వేగవంతమవుతుంది. వేగం పెరిగింది గాని, కొంత మందు బయటికి పోవడంతో గుండు బలం ప్రతిసారీ ఒకేలా ఉండేది కాదు.

ఇంగ్లండులో తుపాకి పనివాడు హెన్రీ నాక్ 1787లో పేటెంట్ పొందిన బ్రీచ్, అంటే గొట్టపు వెనుక కొస నిర్మాణం, ఈ సమస్యకు మరింత ఆలోచించి చేసిన పరిష్కారం. దానిలో చెవి నుంచి వచ్చే మంట ముందుగా ఒక చిన్న గదిలోని మందును అంటిస్తుంది. అక్కడి నుంచి జ్వాల అసలు మందు నడిమధ్యకు దూసుకెళ్తుంది. మందు త్వరగా, పూర్తిగా కాలడంతో వేట తుపాకుల గొట్టాలను పొట్టిగా చేయడం సాధ్యమైంది. లండన్ తుపాకి పనివాళ్లు జాన్ మాంటన్, జోసెఫ్ మాంటన్ సోదరుల చేతుల్లో ఇలాంటి బ్రీచ్, ప్లాటినం చెవి, మెరుగైన లాక్ (నిప్పురవ్వలు పుట్టించే యంత్రాంగం) మూడూ కలిసి చెకుముకి తుపాకి దాని పతాక స్థాయికి చేరింది. ఆ వైభవం ఎన్నాళ్లో సాగలేదు. రంజకం మెరుపుకు పక్షులు బెదిరిపోతున్నాయని విసిగిన స్కాట్లండ్ మతబోధకుడు అలెగ్జాండర్ ఫోర్సైత్ 1807లో దెబ్బకు పేలే రసాయనంతో కొత్త పద్ధతికి పేటెంట్ పొందాడు. తరువాతి రెండు మూడు దశాబ్దాల్లో, అలాంటి రసాయనం నింపిన చిన్న లోహపు టోపీతో పేలే టోపీ తుపాకులు వచ్చి చెకుముకి రాయిని పక్కకు నెట్టేశాయి.

నేటి వివాదం మాత్రం ఎక్కువగా అమెరికా పొడవు రైఫిళ్ల చుట్టూ తిరుగుతుంది. పెన్సిల్వేనియాలో స్థిరపడిన జర్మన్ పనివాళ్లు 18వ శతాబ్దంలో మెత్తని ఇనుమును కాచి, అతికి చేసిన ఈ గొట్టాల్లో చెవి సాధారణంగా నేరుగా తొలిచినదే. లైనర్ కనబడితే అది చాలావరకు తరువాతి మరమ్మతు. కాబట్టి ఆ రైఫిల్‌కు అచ్చమైన నకలు చేయాలనుకునేవాడు లైనర్‌ను వద్దనడం న్యాయమే. అదే మనిషి లండన్ వేట తుపాకి నకలు చేస్తూ లైనర్‌ను కొత్త పోకడగా కొట్టిపారేస్తే అది చరిత్రకు విరుద్ధం.

మూతి నుంచి దట్టించే రైఫిళ్లవారి జాతీయ సంఘం అమెరికాలో 1933లో ఏర్పడింది. ఈ అభిరుచి పెరిగి, 1976లో ఆ దేశ స్వాతంత్ర్య ద్విశతాబ్ది నాటికి మరింత ఊపందుకోవడంతో, లోపలివైపు గరాటుగా తొలిచిన స్టెయిన్‌లెస్ స్టీల్ లైనర్లు దుకాణాల్లో విరివిగా దొరకసాగాయి. తుప్పును తట్టుకోవడం, మార్చుకునే వీలు, త్వరగా అంటించడం, మూడూ వాటిలో కలిసి వచ్చాయి. ఎక్కువగా వాడేవాటిలో ఒకటి పావు అంగుళం వ్యాసంతో, అంగుళానికి 28 మర చుట్లతో ఉంటుంది.

బిగించడంలోని మెలకువలు కూడా పాతవాళ్ల అనుభవం నుంచి వచ్చినవే. లైనర్ బ్రీచ్ ప్లగ్ (గొట్టం వెనుక కొసను మూసే మర) ముఖానికి ముందే ఉండాలి. ప్లగ్ మరల్లోకి చొచ్చుకుపోతే ఆ తరువాత లైనర్ తీయకుండా ప్లగ్ విప్పడం కుదరదు, ఆ సందులో మసి పేరుకుంటుంది. అందుకే గొట్టం లోపలి లోతును కొలిచి ప్లగ్ ఎక్కడ ముగుస్తుందో గుర్తు పెట్టుకున్నాకే డ్రిల్లు పెడతారు. ఎత్తు విషయంలో చెవి మధ్యభాగం పళ్లెం పై అంచుకు సమంగా ఉండడం మంచిది. దిగువకు పోతే రంజకం చెవిని కప్పేసి మళ్లీ వత్తిలా నెమ్మదిగా కాలుతుంది. లైనర్ లోపలి కొస గొట్టంలోకి పొడుచుకు రాకూడదు, వస్తే శుభ్రం చేసే కడ్డీకి, గుడ్డకు తగులుకుంటుంది. బయటి తలను గొట్టంతో సమంగా ఆకురాయితో రాచి, గొట్టానికి పట్టించిన గోధుమ రంగునే దానికీ పట్టిస్తే చూపుకు అది దాదాపు కనిపించదు. అలా చేసినవారు నకలుకు న్యాయం చేసినట్టేనని నేను భావిస్తాను.

పాత అసలు తుపాకుల విషయంలో మాత్రం నా అభిప్రాయం గట్టిగానే వేరు. మూతి నుంచి దట్టించే తుపాకులవారి సంఘాలకు 1971లో ఏర్పడిన అంతర్జాతీయ సమాఖ్య తన పోటీల్లో అసలు తుపాకులను, నకళ్లను వేరుగా చూస్తుంది. అసలువాటి విలువ వాటి లోహంలోనే ఉంది. కాలి పెద్దదైన చెవి ఆ తుపాకి ఎంత వాడుకలో ఉందో చెప్పే సాక్ష్యం. ప్లాటినం చెవి ఉంటే అది ఏ కాలపు, ఏ స్థాయి పనితనమో పోల్చుకోవడానికి వీలవుతుంది. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలోని ఆయుధాల గదికి వెళ్లేవారు చెకుముకి తుపాకి కనబడితే పళ్లెం ఎదుట గొట్టాన్ని చూడవచ్చు. పచ్చని చిన్న వలయం ఉంటే బంగారం, తుప్పు పట్టని తెల్లని బూడిదరంగు వలయం ఉంటే ప్లాటినం కావచ్చు. పేల్చే కోరికతో అలాంటి గొట్టాన్ని డ్రిల్లుతో తొలిచి స్టీలు మర బిగిస్తే ఆ సమాచారం తిరిగి రాదు. మన దేశంలో ఇళ్లలో మిగిలిన పాత తుపాకుల విషయంలో చట్టం సంగతి కూడా గుర్తుంచుకోవాలి: 1959 ఆయుధాల చట్టం ప్రకారం మరమ్మతు పనికీ లైసెన్సు ఉండాలి. అరిగిన చెవి ఉన్న అసలు తుపాకిని నూనె రాసి, తేమ తగలకుండా, ఉన్నదున్నట్టుగా భద్రపరచడమే సరైన పని.