ట్రిప్ షీట్ ఎవరి చేతిలో ఉంది?

వాన పడినప్పుడే ట్యాక్సీలు ఎందుకు దొరకవు? బుక్ చేసిన బండిని డ్రైవర్ ఎందుకు క్యాన్సిల్ చేస్తాడు? కళ్లు మూతలు పడుతున్నా ఇంకో ట్రిప్ ఎందుకు ఒప్పుకుంటాడు? ఈ ప్రశ్నల వెంట పరిశోధకులు ఎన్నో దశాబ్దాలుగా పడుతున్నారు. వాళ్ల జవాబులు కాలంతో పాటు మారుతూ వచ్చాయి. దానికి ముఖ్య కారణం, డ్రైవర్ రోజంతా ఎక్కడ తిరిగాడో, ఎంత సంపాదించాడో చెప్పే లెక్క చేతులు మారుతూ రావడమేనని నా అభిప్రాయం.

మొదట్లో ఆ లెక్కను అడిగినవాళ్లే లేరు. 1949లో కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో ఉన్న లండన్ నగరంలో టిల్‌మన్, హాబ్స్ అనే ఇద్దరు పరిశోధకులు ట్యాక్సీ డ్రైవర్ల మీద ఒక అధ్యయనం చేశారు. ప్రమాదాలు ఎక్కువ చేసినవాళ్లను, తక్కువ చేసినవాళ్లను పోల్చి, వాళ్ల బాల్యం, కుటుంబం, కోర్టు రికార్డులు తిరగేశారు. మనిషి ఎలా బతుకుతాడో బండీ అలాగే నడుపుతాడని తేల్చారు. ఆ మాట చాలాకాలం నిలిచిపోయింది. ప్రమాదం జరిగితే అది డ్రైవర్ గుణం నుంచే వచ్చిందని అనుకోవడం తేలికైపోయింది. ఆ రోజు ఎన్ని గంటలు నడిపాడు, ఎంత వచ్చింది అన్న ప్రశ్న వెనక్కిపోయింది. 1990లో మాంచెస్టర్‌లో జేమ్స్ రీజన్ బృందం డ్రైవర్ల కోసం తయారుచేసిన ప్రశ్నావళి కొంత నయం. పొరపాటున జరిగే తప్పు వేరు, తెలిసి చేసే ఉల్లంఘన వేరు అని అది విడదీసింది. తెలిసి చేసే ఉల్లంఘన వెనక ఒక కారణం ఉంటుంది కదా. ఆ కారణం వెతకడానికి అక్కడ దారి దొరికింది.

అసలు మలుపు 1997లో, న్యూయార్క్‌లో వచ్చింది. అక్కడ చాలామంది డ్రైవర్లు 12 గంటల షిఫ్ట్‌కు బండిని అద్దెకు తీసుకునేవాళ్లు. అద్దె, పెట్రోలు ఖర్చు పోను మిగిలినదంతా వాళ్లదే. ఎప్పుడు ఆపేయాలో కూడా వాళ్ల ఇష్టమే. కోలిన్ కామెరర్, లిండా బాబ్‌కాక్, జార్జ్ లోవెన్‌స్టీన్, రిచర్డ్ థేలర్ అనే ఆర్థికవేత్తలు కలిసి ఆ డ్రైవర్ల ట్రిప్ షీట్లను చదివారు. ఎక్కడ ఎక్కించుకున్నాడు, ఎక్కడ దించాడు, ఏ టైమ్‌కు, ఎంతకు అని డ్రైవర్ తన చేత్తో రాసుకునే కాగితాలవి. గిరాకీ బాగున్న రోజు ఎక్కువసేపు తిప్పి, లేని రోజు తొందరగా ఇంటికెళ్లడమే లాభమని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. కాగితాల్లో కనిపించింది దానికి తలకిందులు. గిరాకీ బాగున్న రోజే చాలామంది తొందరగా ఆపేశారు. ‘ఈరోజుకి ఇంత రావాలి’ అని మనసులో ఒక లెక్క పెట్టుకుని, అది రాగానే ఇంటికి వెళ్తున్నారని పరిశోధకులు చెప్పారు. అవే గంటలను రోజూ సమానంగా పంచుకుని నడిపినా దాదాపు 5 శాతం ఎక్కువ సంపాదించేవాళ్లట. అనుభవం ఎక్కువున్న డ్రైవర్లలో ఈ అలవాటు తక్కువగా కనిపించింది.

ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలోని ఆర్థికవేత్త హెన్రీ ఫార్బర్‌కు ఈ జవాబు నచ్చలేదు. వేరే ట్రిప్ షీట్లు తీసుకుని 2005లో మళ్లీ లెక్క కట్టారు. డ్రైవర్ ఎప్పుడు ఆపుతాడన్నది ముఖ్యంగా అప్పటికి ఎన్ని గంటలు నడిపాడన్న దాని మీదే ఆధారపడుతోందన్నారు. అంటే అలసట. ఇంత మామూలు మాట పరిశోధన పత్రికల్లోకి చేరడానికి ఇన్నేళ్లు పట్టింది. 2011లో క్రాఫర్డ్, మెంగ్ అనే పరిశోధకులు ఫార్బర్ వాడిన అవే లెక్కలను మళ్లీ చూసి, డబ్బు లక్ష్యం, గంటల లక్ష్యం రెండూ పనిచేస్తున్నాయని వాదించారు. ఈలోగా న్యూయార్క్ ట్యాక్సీలకు ట్రిప్పులను తమంతట తామే నమోదు చేసే మీటర్లు వచ్చాయి. 2009 నుంచి 2013 వరకు నడిచిన ట్రిప్పులన్నీ ఫార్బర్ చేతికొచ్చాయి. వాన ప్రశ్నకు అప్పుడు సరైన జవాబు దొరికింది. వాన పడితే డ్రైవర్‌కు గంటకు వచ్చేది పెద్దగా పెరగడం లేదు. గిరాకీ ఉంటుంది, కానీ రోడ్లు నెమ్మదిస్తాయి. వానలో నడపడం కష్టం కాబట్టి కొందరు ఆపేస్తున్నారు. డబ్బు సరిపోయిందని ఇంటికి పోతున్నారన్న పాత కథకు బలం తగ్గింది. దాదాపు ఇరవై ఏళ్లపాటు లెక్క తెలియని మనిషిగా చూపించిన డ్రైవర్‌కు ఇది ఆలస్యంగా దక్కిన న్యాయం అనిపిస్తుంది నాకు.

మీటర్ లెక్కలు ఇంకో పరిశోధనకూ దారి తీశాయి. ఒకే బండిని నలుగురు పంచుకోవడం కొత్త ఆలోచన కాదు. 1914లో లాస్ ఏంజిలిస్‌లో ఐదు సెంట్లకు ఎక్కించుకునే ‘జిట్నీ’ కార్లు మొదలై ఏడాదిలోనే అమెరికా అంతా పాకాయి. ట్రామ్ కంపెనీల ఒత్తిడితో, నగరాలు పెట్టిన నిబంధనలతో అంతే వేగంగా తగ్గిపోయాయి. 1973 చమురు సంక్షోభం తర్వాత కలిసి ప్రయాణించమని ప్రభుత్వాలే ప్రోత్సహించాయి. కానీ ఎవరి దారి ఎవరితో కలుస్తుందో నగరమంతటికీ లెక్క కట్టడం 2014లో కుదిరింది. ఎంఐటీలోని సెన్సబుల్ సిటీ ల్యాబ్ పరిశోధకులు మరికొందరితో కలిసి న్యూయార్క్‌లో ఒక ఏడాది నడిచిన 15 కోట్ల ట్యాక్సీ ట్రిప్పులను పరిశీలించారు. ప్రయాణికులు కొద్ది నిమిషాల ఆలస్యానికి ఒప్పుకుంటే మొత్తం దూరం 40 శాతం లేదా అంతకన్నా ఎక్కువ తగ్గించవచ్చన్నారు. 2017లో ఇంకో బృందం, నలుగురు కూర్చునే 3,000 బండ్లు ఉంటే ట్యాక్సీ గిరాకీలో 98 శాతం తీర్చవచ్చని లెక్క చూపింది. అప్పటికి అక్కడ తిరుగుతున్న ట్యాక్సీలు 13,000 పైనే.

చక్కటి గణితమే. కానీ అందులో డ్రైవర్ పటం మీద కదిలే ఒక చుక్క మాత్రమే. మధ్యలో ఇంకొకరిని ఎక్కించుకోవడానికి దారి మళ్లితే లోపల కూర్చున్నవాళ్ల విసుగు ఎవరి మీద పడుతుంది? ఆ మళ్లింపు సమయానికి డబ్బు ఎవరిస్తారు? ఆ లెక్కలో వీటికి చోటు లేదు. అదే 2014లో ఇంకో సంగతీ బయటపడింది. న్యూయార్క్ 2013 నాటి ట్రిప్పులను బయటపెట్టినప్పుడు లైసెన్సు నంబర్లను కోడ్‌గా మార్చి ఇచ్చింది. ఆ కోడ్‌ను విప్పడానికి ఎంతోసేపు పట్టలేదు. ఏ డ్రైవర్ ఏ రోజు ఎక్కడ తిరిగాడో, ఎంత సంపాదించాడో బయటివాళ్లకు తెలిసిపోయే పరిస్థితి వచ్చింది.

ఆ తర్వాత యాప్‌ల కాలం. ట్రిప్ షీట్ పూర్తిగా కంపెనీ సర్వర్‌లోకి వెళ్లిపోయింది. లోపలి లెక్కలు కొందరు పరిశోధకులకే, కంపెనీ అనుమతితోనే దొరికాయి. 2021లో వచ్చిన ఒక ప్రసిద్ధ అధ్యయనం ఊబర్ డ్రైవర్లలో మగవాళ్లు గంటకు దాదాపు 7 శాతం ఎక్కువ సంపాదిస్తున్నారని చూపింది. బండి వేగం, అనుభవం, ఎంచుకునే ప్రాంతం కారణాలని చెప్పింది. విలువైన పనే. దాని రచయితల్లో ఆ కంపెనీకి పనిచేసినవాళ్లూ ఉన్నారన్నది మాత్రం గుర్తుంచుకోవాలి. బయటున్నవాళ్లు వేరే దారులు వెతికారు. అలెక్స్ రోజెన్‌బ్లాట్, ల్యూక్ స్టార్క్ అనే పరిశోధకులు నెలల తరబడి ఊబర్ డ్రైవర్లతో మాట్లాడి, వాళ్లు తమలో తాము చెప్పుకునే మాటలు గమనించి 2016లో రాశారు. ఎక్కడికి వెళ్లాలో తెలియకుండానే అప్పట్లో ట్రిప్ ఒప్పుకోవాల్సి వచ్చేది. రేటింగ్ ఇచ్చే ప్రయాణికుడే సూపర్‌వైజర్. ధర ఎక్కడ పెరిగిందో చెప్పే పటాన్ని నమ్మి అక్కడికి వెళ్లేసరికి ధర తగ్గిపోయి ఉంటుంది. మనం క్యాన్సిల్ అని తిట్టుకునే దాని వెనక ఈ టెన్షన్ ఎంతుందో అది చదివితే తెలుస్తుంది.

శాన్‌ఫ్రాన్సిస్కోలో పరిశోధకులు యాప్ చూపించే బండ్ల జాడను తామే పోగుచేశారు. 2019లో వచ్చిన ఫలితం ప్రకారం 2010 నుంచి 2016 లోపు పని రోజుల్లో ట్రాఫిక్ ఆలస్యం 62 శాతం పెరిగింది. ఈ బండ్లు లేకపోయి ఉంటే పెరుగుదల 22 శాతంతో ఆగేదని వాళ్ల అంచనా. న్యూయార్క్ ఇంకో అడుగు ముందుకేసి, ట్రిప్ లెక్కలు ఇవ్వాలని చట్టం ద్వారానే కంపెనీలను అడిగింది. వాటితో జేమ్స్ పారట్, మైఖేల్ రైక్ 2018లో చేసిన అధ్యయనంలో తేలింది ఇది: డ్రైవర్ యాప్ ఆన్‌లో ఉంచిన సమయంలో ప్రయాణికుడు బండిలో ఉండేది దాదాపు 58 శాతమే. మిగతాది ఖాళీగా తిరగడం, ఎదురుచూడడం. ఆ ఖాళీ సమయాన్ని కూడా లెక్కలోకి తీసుకుని 2019 ఫిబ్రవరి నుంచి కనీస చెల్లింపు అమలు చేశారు. అదే ఏడాది కంపెనీలు గిరాకీ లేని వేళల్లో డ్రైవర్లను లాగిన్ కానివ్వకుండా ఆపడం మొదలుపెట్టాయి. లాగిన్ కాని నిమిషం ఖాళీ సమయం కింద లెక్కకు రాదు. డ్రైవర్ మాత్రం బండిలోనే కూర్చుని ఉంటాడు.

ఇటీవల బ్రిటన్‌లో డ్రైవర్లే ఈ పని చేతిలోకి తీసుకున్నారు. తమ గురించి కంపెనీ దాచుకున్న సమాచారాన్ని అడిగి తీసుకునే హక్కు అక్కడి చట్టంలో ఉంది. 258 మంది ఊబర్ డ్రైవర్లు అలా తెచ్చుకున్న సుమారు 15 లక్షల ట్రిప్పుల లెక్కను 2025లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు పరిశీలించారు. 2023లో కొత్త ధరల పద్ధతి వచ్చాక కంపెనీ తీసుకునే వాటా 25 శాతం నుంచి 29 శాతానికి పెరిగిందని, కొన్ని ట్రిప్పుల్లో సగం దాటిందని తేలింది. ఛార్జీలో కంపెనీకి ఎంత పోతోందో ఏ ట్రిప్‌కు ఆ ట్రిప్‌గా ఆ డ్రైవర్లలో చాలామందికి అప్పటిదాకా తెలియదు.